భూకంపం తరువాత ఫొటో తీయడమంటే: కూలినవాటి కంటే నిలిచినవాటిని ముందు తీయండి

మీ ప్రశ్న సారాంశం ఇది. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర భూమి కంపించినప్పుడు హైదరాబాదులో మీ హాస్టల్ గదిలో ఫ్యాను ఊగింది. ఎక్కడైనా పెద్ద భూకంపం వస్తే నష్టాన్ని నమోదు చేసే ఇంజినీర్ల బృందంతో వెళ్లి, నగరంలో భవనాలనూ నేలనూ ఫొటోలు తీయాలని అప్పటి నుంచి మీకు ఉంది. ఏ కెమెరా కొనాలి, ఏవేవి తీయాలి?

కెమెరా సంగతి చివర చెబుతాను. ముందు నా తప్పు చెప్పాలి. ఈ పని నాకు నేర్పింది అదే.

2001 జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు గుజరాత్‌లోని కచ్ఛ్ కంపించింది. తీవ్రత 7.7. ప్రభుత్వ లెక్క ప్రకారమే 13,800 మందికి పైగా చనిపోయారు. తొమ్మిదో రోజున ఒక ఇంజినీర్ల బృందం భుజ్ వెళ్తుంటే వాళ్ల వెంట నేనూ వెళ్లాను. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు లేవు. మెడలో కెమెరా, సంచిలో పద్నాలుగు రీళ్లు, రీలుకు ముప్ఫై ఆరు బొమ్మలు. గోడల లోపలి పాత ఊరిలో అడుగుపెట్టాక నా వేలు బటన్ మీది నుంచి లేవలేదు. ఎటు తిరిగినా రాళ్లే, విరిగిన దూలాలే, రాళ్ల మధ్య నుంచి పొడుచుకొచ్చిన మంచం కోళ్లే. అన్నీ తీశాను.

హైదరాబాదు వచ్చి రీళ్లు కడిగించి బల్ల మీద పరిచి చూస్తే ఐదు వందల ఫొటోలలో సగానికి పైగా రాళ్ల కుప్పలు. ఏ కుప్ప భుజ్‌దో, ఏది అంజార్‌దో, ఏది భచావ్‌దో చెప్పలేకపోయాను. కుప్ప మీద ఊరి పేరు ఉండదు కదా.

నెల తిరక్కుండానే భుజ్ నుంచి ఒక దుకాణదారు ఉత్తరం రాశారు. ఆయన ఇంటి ముందు నిలబడి నేను ఫొటోలు తీస్తుంటే నా చిరునామా అడిగి రాసుకున్న మనిషి. ఇల్లు పూర్తిగా పోయిందా, కొంత పోయిందా అన్నదాన్ని బట్టి పరిహారం ఇస్తున్నారట, మీరు తీసిన ఫొటో ఒకటి పంపగలరా అని అడిగారు. ఆయన ఇల్లు నా ఐదు వందల ఫొటోలలో ఎక్కడో ఉంది. ఏదో నాకు తెలియదు. ఊహించి మూడు పంపాను. వాటిలో ఆయనది ఉందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఇక పనిలోకి వద్దాం. కొత్తవాళ్లంతా కూలినదాని వైపే పరుగెడతారు, నేనూ అంతే. కానీ పూర్తిగా కూలిన భవనం చెప్పగలిగింది చాలా తక్కువ. ఏ పిల్లర్ ముందు విరిగిందో, ఏ అంతస్తు ముందు కూర్చుందో చెప్పే సాక్ష్యమంతా దాని కిందే నలిగిపోయి ఉంటుంది. సగం దెబ్బతిని నిలిచి ఉన్న భవనాన్ని చూడండి. అది వాక్యం మధ్యలో ఆగిపోయిన మనిషిలాంటిది, ఎక్కడ ఆగిందో చూస్తే ఏం చెప్పబోయిందో తెలుస్తుంది. దాని పక్కనే గీత కూడా పడని భవనం ఒకటి ఉంటుంది, ఎవరూ ఫొటో తీయనిది. అది లేకపోతే మొదటి రెండింటికీ పోలిక దొరకదు.

ఇది నాకు అహ్మదాబాదులో అర్థమైంది. భూకంప కేంద్రానికి ఆ నగరం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా అక్కడ డెబ్బై దాకా బహుళ అంతస్తుల భవనాలు కూలాయి, ఏడు వందల మందికి పైగా చనిపోయారు. అంత దూరంలో ఎందుకు? సబర్మతి తెచ్చి వేసిన లోతైన ఒండ్రు మట్టి కంపనాన్ని పెంచడం ఒక కారణం. పార్కింగ్ కోసం కింది అంతస్తు ఖాళీగా వదిలి పిల్లర్ల మీద నిలబెట్టిన అపార్ట్‌మెంట్లు రెండో కారణం. పై అంతస్తుల్లో ఇటుక గోడలు ఉంటాయి కనుక అవి బిగుసుకుని ఒక పెట్టెలా కదులుతాయి. కింద గోడలు లేవు కాబట్టి ఊపంతా ఆ పిల్లర్ల మీదే పడుతుంది. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో మన అపార్ట్‌మెంట్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అక్కడ ఒక పార్కింగ్‌లో తీసిన ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. పిల్లర్ తల దగ్గర, బీము కిందుగా, జానెడు మేర కాంక్రీటు రాలిపోయింది. లోపలి నిలువు ఊచలు బయటికి ఉబ్బి వంగాయి. ఆ ఊచలను చుట్టి పట్టి ఉంచే రింగులు విప్పుకున్నాయి. రింగు కొసలను లోపలి కాంక్రీటులోకి ఏటవాలుగా వంచి ఉంటే విప్పుకునేవి కావు, వాటిని మూలమట్టానికి వంచి వదిలేశారు. ఆ ఊచకు ఒక రూపాయి నాణెం ఆనించి ఫొటో తీశాను. అప్పటి రూపాయి అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు. ఫొటోలో కొలిస్తే రింగుకూ రింగుకూ మధ్య దూరం దాదాపు ఎనిమిది నాణేలు, అంటే 20 సెంటీమీటర్లు. భూకంపాన్ని తట్టుకునేలా కట్టే పిల్లర్‌లో తల దగ్గర, మొదలు దగ్గర ఆ దూరం 10 సెంటీమీటర్లకు మించకూడదు. ఆ నాణెం లేకపోతే అది మరో విరిగిన పిల్లర్ ఫొటో, అంతే. 2011 నుంచి వచ్చిన రూపాయి 22 మిల్లీమీటర్లు, 2019 నుంచి వచ్చినది 20 మిల్లీమీటర్లు. అందుకే ఏ నాణెమో కూడా రాసుకోవాలి. నవ్వకండి, ఈ తేడా వల్ల లెక్క తప్పిన నివేదిక నేను చూశాను.

తీసే పద్ధతి మాత్రం మెట్లు దిగినట్టు ఉండాలి. మొదట వీధి మొత్తం, అటూ ఇటూ ఉన్న భవనాలతో సహా. తరువాత భవనం ఒక్కటే, పునాది నుంచి పిట్టగోడ దాకా, వీలైతే నాలుగు వైపుల నుంచీ, లేదంటే కనీసం రెండు మూలల నుంచి. తరువాత దెబ్బతిన్న అంతస్తు. చివరగా దెబ్బ, కొలతతో. చివరి ఫొటోలోని పగులు దాని ముందు ఫొటోలో ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలగాలి. గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా చివరి ఫొటో అనాథ అవుతుంది. నా ఐదు వందల్లో అనాథలే ఎక్కువ.

బృందంలో ఒక పెద్దాయన నాకు పలకా బలపం వాడమన్నారు. బడిపిల్లల పలకే. ప్రతి భవనం దగ్గరా మొదటి ఫొటో పలకది. ఊరు, వీధి, భవనం వరుస సంఖ్య, తేదీ, సమయం, నేను ఎటు తిరిగి నిలబడ్డానో. ఇప్పుడు ఫోను స్థలాన్ని తనే నమోదు చేస్తుంది కదా అంటారు. చేస్తుంది, కానీ ఎత్తైన భవనాల మధ్య అది పది పదిహేను మీటర్లు తప్పడం మామూలే. పాత ఊరి సందులో పది మీటర్లంటే మూడు ఇళ్లు. దిక్సూచితో కూడా జాగ్రత్త, ఫోనులోదైనా సరే. ఊచలు బయటపడ్డ పిల్లర్ పక్కన నిలబడి చూస్తే ఇనుము దాన్ని లాగేస్తుంది. పది అడుగులు వెనక్కి వచ్చి చూసుకోండి. దిక్కు ఎందుకంటారా? కంపనం ఎటు నుంచి ఎటు ఎక్కువగా ఊపిందో, ఏ దిక్కు గోడలు ఎక్కువ పడ్డాయో తరువాత లెక్క తీసేవాళ్లకు అదే ఆధారం.

పగుళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మీరు చదువుకున్నదే అయినా తరగతి గదిలో పగులు శుభ్రంగా ఉంటుంది, గోడ మీద ఉండదు. రెండు కిటికీల మధ్య గోడ మీద గుణకారం గుర్తులా రెండు ఏటవాలు పగుళ్లు కనబడితే కంపనం గోడను అటూ ఇటూ లాగి అడ్డంగా కోయబోయిందని అర్థం. బీము కింద, పిల్లర్ పక్కన ఇటుక గోడ అంచు వెంట సన్నటి గీత ఉంటే గోడ చట్రం నుంచి విడిపోయిందని మాత్రమే. భయంకరంగా కనిపిస్తుంది కానీ చాలాసార్లు పెద్ద ప్రమాదం కాదు. ప్లాస్టరింగ్ మీది పగులును పిల్లర్ పగులని రాయకండి. అలా రాసిన ఒక్క వాక్యం వల్ల ఒక కుటుంబం ఇల్లు వదిలి రోడ్డున పడుతుంది.

కొత్త పగులా, పాతదా అన్నది కూడా ఫొటోలోనే తెలియాలి. కొత్త పగులు అంచులు పదునుగా, లోపల లేత రంగులో ఉంటాయి. పాతదానిలో దుమ్ము, మసి, రెండు పూతల కిందటి సున్నం ఉంటాయి. ములుగు కంపనం తరువాత మా బంధువు ఒకరు తమ ఇంటి గోడ ఫొటో పంపి, భూకంపానికి బీట వారిందని కంగారుపడ్డారు. పెద్దది చేసి చూస్తే బీటకు అడ్డంగా సాలెగూడు ఉంది. సాలీడు ఒక్క పూటలో అంత గూడు కట్టలేదు, దాని నిండా అంత దుమ్ము పేరుకోదు. అందుకే పగులు ఫొటో దగ్గరగా, పక్క నుంచి వెలుతురు పడేలా తీయండి. ఫ్లాష్ ఎదురుగా కొడితే లోతంతా చదునైపోతుంది.

సమయం ఎందుకు రాయమంటున్నానో 1906 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో చెబుతుంది. ఆ ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు భూకంపం వచ్చింది. ఆ వెంటనే మొదలైన మంటలు మూడు రోజులకు పైగా ఊరిని కాల్చాయి. బీమా పత్రాలు ఎక్కువగా అగ్నిప్రమాదానికి చెల్లించేవే తప్ప భూకంపానికి కాదు. పైగా భూకంపాల ఊరన్న పేరు వస్తే పెట్టుబడులు రావని అక్కడి వ్యాపారులకు భయం. కాబట్టి నష్టమంతా మంటల ఖాతాలో రాయడానికి అందరికీ కారణాలు ఉన్నాయి. భూకంపం ఆగాక, మంటలు చేరకముందు, ఆ కొన్ని గంటల్లో తీసిన ఫొటోలే ఏది దేనివల్ల పోయిందో విడదీసి చూపిస్తాయి. తరువాత జార్జ్ లారెన్స్ అనే ఫొటోగ్రాఫర్ గాలిపటాల వరుసకు పెద్ద కెమెరా కట్టి సుమారు రెండు వేల అడుగుల ఎత్తు నుంచి నగరం మొత్తాన్ని తీశాడు. ఆ ఫొటో అద్భుతం, కానీ అప్పటికే కాలిపోయిన ఊరు అది. ఇప్పుడు మనకు గాలిపటం బదులు డ్రోన్ ఉంది. అనుమతి లేకుండా మాత్రం ఎగరేయకండి, సహాయ హెలికాప్టర్లకు అది నిజంగా అడ్డం.

అహ్మదాబాదులో మంటలు లేవు, బుల్‌డోజర్లు ఉన్నాయి. ఉదయం తీద్దామని వదిలిన భవనం సాయంత్రానికి చదునైన నేల. మనుషులను వెతికే పని ముందు, తప్పు పట్టలేం. అందుకే క్రమం తెలిసి ఉండాలి. ముందు తొలగించబోయేవి, తరువాత వానకు చెరిగేవి, చివరకు నిలకడగా ఉండేవి.

వానకు చెరిగేవి అంటే నేల మీది గుర్తులు. కచ్ఛ్ భూకంపం అంత పెద్దదైనా అసలు భ్రంశం, అంటే భూమి లోపల రాతి పొరలు జారిన పగులు, నేల పైదాకా చీలి రాలేదు. ఈ సంగతి తెలియని పత్రికలవాళ్లు పొలంలో కనిపించిన ప్రతి నెర్రెనూ ‘భూమి చీలిన చోటు’ అని వేశారు. అక్కడ ఎక్కువగా జరిగింది వేరు. రణ్ అనే ఉప్పు నేలలోనూ తీరం వెంటా నీటితో నిండిన ఇసుక నేల ఊపుకు ద్రవంలా మారి, నీరూ ఇసుకా కలిసి పైకి చిమ్మింది. ఇంజినీర్లు దీన్ని లిక్విఫాక్షన్ అంటారు. మధ్యలో గుంట, చుట్టూ పరుచుకున్న సన్నటి ఇసుకతో చిన్న చిన్న దిబ్బలు మిగులుతాయి. రణ్‌లో ఆ నీరు ఆరాక చుట్టూ తెల్లటి ఉప్పు అంచు కట్టింది. రెండు రోజులు గాలి వీస్తే సగం పోతుంది. పైనుంచి నిటారుగా ఒకటి, మోకాళ్ల మీద కూర్చుని అడ్డంగా ఒకటి, పక్కన టేపు పెట్టి ఒకటి తీయండి. గుప్పెడు ఇసుక సంచిలో వేసి ఫొటో సంఖ్య రాయండి. నేను ఇసుక తెచ్చాను, సంఖ్య రాయలేదు.

చెరువుగట్టు, కాలువ ఒడ్డు, నది ఒడ్డు వెంట ఒడ్డుకు సమాంతరంగా నెర్రెలు కనబడితే నేల నీటివైపు జారిందన్నమాట. ఒక్క నెర్రె ఎంత వెడల్పో చెబితే చాలదు. ఒడ్డుకు అడ్డంగా ఒక తాడు పరిచి, తాడు దాటే ప్రతి నెర్రెనూ కొలిచి కూడితే ఒడ్డు మొత్తం ఎంత జరిగిందో తెలుస్తుంది. తాడు ఫొటోలో కనబడాలి. కచ్ఛ్‌లో చాంగ్, తాపర్ లాంటి మట్టి ఆనకట్టలు నీటివైపు వాలులో ఇలాగే జారాయి. ఆ ఏడాది జలాశయాల్లో నీళ్లు తక్కువగా ఉండబట్టి వరద ముప్పు తప్పింది.

నిజంగానే భ్రంశం పైకి వస్తే ఏం తీయాలి? మనిషి గీసిన తిన్నని గీత దాన్ని ఎక్కడ దాటుతుందో వెతకండి. కంచె, ప్రహరీ గోడ, రైలు పట్టా, రోడ్డు మధ్య తెల్లగీత, పొలం గట్టు. 1906లోనే గిల్బర్ట్ అనే భూవిజ్ఞాని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఒక పల్లెలో తెగిన కంచెను ఫొటో తీశాడు. రెండు ముక్కల మధ్య ఎడం ఎనిమిదిన్నర అడుగులు. నూరేళ్లు దాటినా ఆ ఫొటో పాఠాల్లో ఉంది. పగిలిన నేలను తీసిన వేల ఫొటోలు మరుగునపడ్డాయి. గీత మీదే నిలబడి దాని వెంట చూస్తూ ఒకటి, గీతకు అడ్డంగా కొంచెం ఎత్తు నుంచి ఒకటి తీస్తే చాలు.

ఒరిగిన భవనాలు మరో తంటా. 1964లో జపాన్‌లోని నీగాతాలో నేల ద్రవమై అపార్ట్‌మెంట్లు అలాగే పక్కకు వాలిపోయాయి, ఒకటి దాదాపు పడుకుంది. వాటిలో పెద్ద పగుళ్లు కూడా లేవు, దోషం నేలది. అలాంటిచోట కెమెరా ఒక్క రెండు డిగ్రీలు వంగినా మీ ఫొటో అబద్ధం చెబుతుంది. దారానికి కట్టిన ఇనుప గుండు ఒకటి ఫొటో అంచున వేలాడదీయండి. ఎక్కువ వెడల్పు చూపించే లెన్సు వాడొద్దు, అది నిటారుగా ఉన్న పిల్లర్‌ను కూడా అంచుల్లో వాలుస్తుంది.

నిలిచినవాటిని తీయమన్నాను కదా, కచ్ఛ్‌లో నాకు మిగిలిన మంచి ఫొటో ఒక భుంగాది. గుండ్రటి మట్టి గోడ, పైన గోపురంలాంటి గడ్డి కప్పు. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు. దాని చుట్టుపక్కల రాతి ఇళ్లు కూలాయి, అది మాత్రం కొద్దిగా పొరలూడి నిలిచింది. గోడకు మూల అన్నది లేకపోవడం వల్ల చీలిక మొదలవడానికి చోటు తక్కువ, పైకప్పు తేలిక. దాని పక్కనే రాతి గోడ రెండుగా విడిపోయి పడి ఉంది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో వేల మందిని చంపింది ఇలాంటి గోడే. బయట ఒక వరస రాయి, లోపల ఒక వరస రాయి, మధ్య మట్టి, రెండింటినీ కలిపి కుట్టే పొడవాటి రాయి ఉండదు. మన తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పాత ఇళ్ల గోడలు చాలావరకు ఇవే. అలాంటి గోడ తెగిన అంచు కనబడితే అడ్డంగా తీయండి, ఆ రెండు పొరలూ స్పష్టంగా పడేలా.

మనుషుల సంగతి. శవాలను తీయవద్దు. ఏడుస్తున్నవాళ్ల ముఖాలు ఇంజినీరుకు అక్కర్లేదు. ఇల్లు పోయినా గడప వాళ్లదే, అడిగి అడుగు పెట్టండి. ఇంటివాళ్లు అడిగితే ఫొటో అక్కడికక్కడే వాళ్ల ఫోనుకు పంపండి, నాలా చిరునామా ఇచ్చి రావద్దు. దెబ్బతిన్న భవనం లోపలికి మీరు విద్యార్థిగా ఉన్నన్నాళ్లు వెళ్లనే వద్దు. అనుప్రకంపనలు రోజుల తరబడి వస్తాయి. భవనం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబడితే మొత్తం భవనం ఫొటో కూడా బాగా వస్తుంది.

చిన్న దెబ్బలను చిన్నచూపు చూడవద్దని మరో ఉదాహరణ. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2010 సెప్టెంబరు భూకంపం తరువాత ఒక టీవీ సంస్థ పేరుతో ఉన్న ఆరంతస్తుల భవనాన్ని తనిఖీ చేసి, వాడుకోవచ్చని పచ్చ కాగితం అంటించారు. 2011 ఫిబ్రవరి 22న అది కూలి 115 మంది చనిపోయారు. తరువాత విచారణలో మొదటి భూకంపానికి భవనంలో ఏం జరిగిందన్నది పెద్ద ప్రశ్న అయింది. అప్పుడు పనికొచ్చేవి పక్కన పెట్టేసిన సన్నటి పగుళ్ల ఫొటోలే.

ఇక కెమెరా. మీ జేబులోని ఫోను చాలు. లొకేషన్ ఆన్ చేయండి, గడియారం సరిచూసుకోండి, అందాన్ని పెంచే సెట్టింగులన్నీ ఆపేయండి. అసలు ఫైలును కత్తిరించకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోతోపాటు ఉండే స్థలం, సమయం వివరాలు పోతాయి, సైజు కుదించుకుపోతుంది, కాబట్టి డాక్యుమెంటుగా పంపండి. ప్రతి రాత్రి రెండు చోట్ల నకలు పెట్టండి. కెమెరాకు దాచిన డబ్బుతో ఐదు మీటర్ల టేపు, చేతిలో ఇమిడే రసమట్టం, హెల్మెట్, రెండు పవర్ బ్యాంకులు కొనుక్కోండి. పలకా బలపం మర్చిపోకండి. ఈ ఆదివారం మీ హాస్టల్ పార్కింగ్‌లోకి దిగి, ఏ దెబ్బా లేని ఆ పిల్లర్లను వీధి నుంచి రింగు దాకా నేను చెప్పిన వరుసలో ఒకసారి తీసి చూడండి. రింగు కనబడలేదంటే సంతోషం, ప్లాస్టరింగ్ దగ్గరే ఆగిపోండి.